పాటకూ పాటకూ మధ్య

నా ఆల్బం విన్నవాళ్ళు ఒకే సంగతి అడుగుతున్నారు. మధ్యలో ఆగిపోతోంది, ఫైల్ చెడిపోయిందా అని. చెడిపోలేదు. నేనే ఆపాను. ఎందుకు ఆపారు అంటే చెప్పడం మొదలుపెట్టి, సగంలో నాకే అయోమయంగా ఉండి మాట మార్చేస్తున్నాను. ఈసారి మార్చకుండా చివరిదాకా చెప్పాలని కూర్చున్నాను.

డీజే పనిలోకి దిగే పిల్లలు కాట్పాడి, తిరుపత్తూరు వైపు నుంచి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఏ మిషన్ కొనాలి, ఏ స్పీకరు బాక్సులు మంచివి, పని ఇచ్చే పార్టీవాళ్ళతో ఎలా మాట్లాడాలి అంటారు. వాటికి జవాబులు నా దగ్గర ఉన్నాయి. అసలు ఈ పని ఏమిటి సార్ అని అడిగితే మాత్రం తడబడతాను. చెవుల్లో హోరు మొదలై, డాక్టరు ఇక చాలు అన్నాక పని మానేశాను. మానేశాక తీరిగ్గా చేసిన ఒకే ఒక్క ఆల్బం, డీప్ హౌస్ అనే నెమ్మది రకం డ్యాన్స్ సంగీతం, నాకు తెలుసు అనుకున్నవన్నీ తలకిందులు చేసింది. చక్కటి సలహాలు కావలసినవాళ్ళు వేరే ఎవరి దగ్గరికైనా వెళ్ళండి. నా దగ్గర మిగిలింది తికమకే.

ఇంకో మాట. మా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు రాయడం పెళ్ళయ్యాక నేర్చుకున్నాను, చిత్తూరు నుంచి వచ్చిన నా భార్య సులోచన నేర్పింది. ఇందులో తప్పులుంటే అవి నీవే అని ఆమె అంటుంది. నేర్పినవాళ్ళవి అని నేనంటాను.

గోవిందన్న సెట్టు

గుడియాత్తం బజారులో గోవిందన్నకు మైక్ సెట్టు దుకాణం ఉండేది. మా నాన్న మగ్గం నేసేవాడు. నన్ను మగ్గం మీద కూర్చోబెడితే పోగులు తెంపడం తప్ప ఏమీ చేతకాలేదు. విసిగిపోయి తీసుకెళ్ళి గోవిందన్నకు అప్పజెప్పాడు. పెళ్ళి, చెవులు కుట్టే వేడుక, గంగమ్మ జాతర, చావు, ఏదైనా మా ఊళ్ళో మోగేది ఆయన హారన్ స్పీకర్లే.

ఆయన దగ్గర రికార్డు ప్లేయర్లు రెండు ఉండేవి. ఒకటి వాడేవాడు. రెండోదాని మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండేది. వాడితే అరిగిపోతుందని దాచుకుంటున్నాడు, ఉత్త పిసినారి అని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను. ఒకే ప్లేయరుతో నడిపితే పాట అయ్యాక ముల్లు ఎత్తి, రికార్డు తీసి, ఇంకొకటి పెట్టేదాకా ఏమీ మోగదు. పాటకూ పాటకూ మధ్య ఖాళీ.

పెళ్ళి ఇంట్లో ఆ ఖాళీలో గోవిందన్న మైకు అందుకునేవాడు. ముందు తమిళంలో, వెంటనే తెలుగులో, ఎప్పుడూ ఒకటే మాట. “తిన్నోళ్ళు లెయ్యండప్పా, తిననోళ్ళు కూర్చోండి.” భోజనాల పంతి నిండిందా లేదా అని కూడా చూసేవాడు కాదు. వంటవాళ్ళు ఇంకా పొయ్యి రాజెయ్యకముందే అనేసిన పెళ్ళిళ్ళున్నాయి. జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. చివరికి ఆయన సెట్టు లేని పెళ్ళిలో కూడా ఎవరో ఒకరు ఆయన గొంతు తెచ్చుకుని ఆ మాట అనకుండా ఉండేవాళ్ళు కాదు.

చావు ఇంట్లో ఆయన మాట్లాడేవాడు కాదు. పాట అయిపోగానే ముల్లు ఎత్తి పట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడేవాడు. హారన్ ఆగగానే లోపలి నుంచి ఆడవాళ్ళ ఏడుపు పైకి లేచేది. ఒప్పారి పాడే ముసలమ్మలు అందుకుని, పోయిన మనిషి ఏం తినేవాడో ఎవరిని తిట్టేవాడో అన్నీ పాటలో పెట్టి ఏడ్చేవాళ్ళు. అది లేచి, సాగి, కాస్త తగ్గేదాకా గోవిందన్న కదిలేవాడు కాదు. అప్పుడు ముల్లు దించేవాడు. ఎంతసేపు ఆగాలి అన్నా అని ఒకసారి అడిగాను.

“వాళ్ళు ఊపిరి తీసుకునేదాంక,” అన్నాడు.

అది ఎలా తెలుస్తుంది అంటే వైరు చుట్టమన్నాడు.

ఒక పెళ్ళిలో ఆయన భోజనానికి లేచినప్పుడు నేను ఆ గుడ్డ తీసేశాను. రెండో ప్లేయరు కలిపి, మొదటి పాట ముగిసేలోపే రెండో పాటను మెల్లగా లోపలికి తెచ్చాను. ఎక్కడా అతుకు తెలియలేదు. పందిట్లో ఆడుతున్నవాళ్ళు ఆగనే లేదు. గోవిందన్న చెయ్యి కడుక్కుని వచ్చి, అలవాటుగా మైకు తీసుకుని, మాట్లాడడానికి సందు కోసం చూసి చూసి, మైకు పక్కన పెట్టేశాడు.

“బాగుండాదప్పా. నా నోరు మాత్రం మూసేసినావు,” అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. అది ఏ రకం నవ్వో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకు రెండు ప్లేయర్లూ నాకే వదిలేశాడు. చావు ఇంటికి మాత్రం రెండోదాన్ని ఎన్నడూ బండి ఎక్కించనివ్వలేదు. పిసినారితనం కాదేమో అని అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

రెండో వరస

వేలూరు వచ్చాక నా పనికి డీజే అని పేరొచ్చింది. పెళ్ళివాళ్ళ లెక్కలో డీజే అంటే మనిషి కాదు, బాక్సులు. “డీజే యాడప్పా?” అని నన్నే అడిగేవాళ్ళు. నేనే అంటే నా వీపు వెనక్కి తొంగి చూసేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత నేనే, “వస్తా ఉండాది, లారీలో,” అని చెప్పడం మొదలుపెట్టాను. వాళ్ళు తృప్తిగా వెళ్ళిపోయేవాళ్ళు.

ఈ పనిలో నేను గట్టిగా నమ్మినది ఒకటుంది, రాసుకోండి. ఆడేవాళ్ళను చూసి పాట మార్చకూడదు. వాళ్ళు ఏం వేసినా ఆడతారు, రెండు పెగ్గులు పడితే జనరేటరు చప్పుడుకు కూడా ఆడతారు. రెండో వరస కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్ళ పాదాలు చూడాలి. మొదటి వరసలో పెద్దమనుషులుంటారు, వాళ్ళు కదిలితే పరువు తక్కువ. వెనక వరసలవాళ్ళ మనసంతా భోజనాల హాలు మీద ఉంటుంది. రెండో వరసలో చెప్పులు విడిచి కూర్చున్న పిన్నమ్మల బొటనవేలు ఆడుతోందంటే మీ పాట నిలిచినట్టు. ఆ వేలు ఆగబోతోందని పసిగట్టి, ఆగకముందే మార్చాలి. నా విద్య మొత్తం ఇంతే.

పై అధికారి అంటే నాకు గోవిందన్న తర్వాత ఒక హోటల్ మేనేజరు. శని, ఆదివారాలు ఆ హోటల్ మేడ మీద వేసేవాణ్ణి. ఆయనకు పాటంటే ఏ పాటైనా ఒకటే. వెయిటర్లు పరుగెత్తేటట్టు వెయ్యొద్దు, అంతే షరతు. జోరు పాట వేస్తే నిజంగానే వాళ్ళు పరుగెత్తేవాళ్ళు, సాంబారు ఒలికేది. అంతకుముందు నాకెవరూ నెమ్మదిగా వెయ్యమని చెప్పలేదు. గట్టిగా వెయ్యడం ఎవడైనా చేస్తాడు. నెమ్మదిగా వేసి జనాన్ని కూర్చోబెట్టడం కష్టం అని ఆ సాంబారు వల్ల తెలిసింది.

డీప్ హౌస్ నాకు పరిచయం చేసింది సహన. బెంగుళూరు అమ్మాయి, అప్పట్లో కాట్పాడిలో చదువుతూ కాలేజీ వేడుకలకు పాటల సంగతి చూసేది. ఇవి వెయ్యండి సార్ అని ఒక పెన్ డ్రైవ్ ఇచ్చింది. మొదటి పాట పెట్టాను. ఒకే దెబ్బ, కింద లోతుగా బేస్, ఎక్కడో మూల నుంచి ఒక గొంతు అన్నమాటే మళ్ళీ అంటోంది. పల్లవి లేదు, చరణం లేదు. పాట ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తూ ఉండగానే అయిపోయింది. పెన్ డ్రైవ్ చెడిపోయిందమ్మా అన్నాను. ఆ అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది.

ఇంటికి తెచ్చుకుని పొద్దున్నే పళ్ళు తోముకుంటూ విన్నాను. నచ్చిందో లేదో తెలియలేదు. ఆపబుద్ధి మాత్రం కాలేదు. హోటల్లో వేస్తే వెయిటర్లు ఒద్దికగా నడిచారు, మేనేజరు తల ఊపాడు. అప్పటి నుంచి వదల్లేదు. వినేవాళ్ళు మాత్రం, ఇది అయ్యాక పాటలు వేస్తారా సార్ అని మర్యాదగా అడిగేవాళ్ళు.

ఎదురుగా ఎవరూ లేరు

నేను పని మానేశానని తెలిసి సహన ఫోన్ చేసింది. ఇప్పుడు బెంగుళూరులో ఇలాంటి సంగీతం విడుదల చేసే చిన్న కంపెనీ నడుపుతోంది. పాటల హక్కులు తను చూసుకుంటుందట. ఒక గంటసేపు ఎక్కడా తెగకుండా సాగే మిక్సు నేను చేసివ్వాలట. ఆల్బం పైన వెటరన్ డీజే ఏకాంబరం అని నా పేరు వేస్తుందట. వెటరన్ అంటే ముసలివాడు అనేగా అన్నాను. గౌరవంగా ముసలివాడు సార్ అంది.

మధ్యగదిలో మిషన్లు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పాట వేశాను. ఎప్పుడు మార్చాలో తెలియలేదు. ఎదురుగా గోడ, గోడకు క్యాలెండరు. రెండో వరస ఏది? ఇన్నేళ్ళూ పాటలు నేనే మార్చాననుకున్నాను, మార్చింది ఆ పిన్నమ్మల బొటనవేళ్ళేమో. గత్యంతరం లేక సులోచనను కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కాసేపు చూసింది.

“నా కాళ్ళనేమి అట్ల చూస్తా ఉండావు? నాకు పనుండాది,” అని లేచి వెళ్ళిపోయింది.

సహనకు ఇంకో కోరిక ఉండేది. మీ ఊరి గుర్తుగా మగ్గం చప్పుడు కలపండి సార్ అంది. కుదరదన్నాను. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళు దాని నుంచి కాసేపు తప్పించుకోవడానికే పాట పెట్టుకుంటారు. ఇందులో మాత్రం నాకే తికమకా లేదు.

ఎలాగో ఒక రూపానికి తెచ్చి, గుడియాత్తం తీసుకెళ్ళి గోవిందన్నకు వినిపించాను. దుకాణం ఎప్పుడో మూసేశాడు. మనిషి బాగా నీరసించాడు, మాట మాత్రం తగ్గలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. పక్కన ఆయన భార్య కమలమ్మ వదిన కూర్చుంది.

“బాగుండాదప్పా. దీంట్లో నన్ను యాడ మాట్లాడమంటావు?” అన్నాడు.

నేను నవ్వేశాను. బయలుదేరుతుంటే మళ్ళీ పిలిచాడు.

“నేను పోయిననాడు ఇదే వెయ్యి. వచ్చినోళ్ళకు ఒక్కటీ అర్థం కాక తలకాయలు గోక్కుంటా పోతారు.”

నోట మంచి మాటే రాదా అని వదిన కసురుకుంది. ఆయన ఎగతాళి చేశాడా, మనసులో మాట చెప్పాడా, నేను అడగలేదు. అది అడిగి తెలుసుకోవలసిన సంగతి అని కూడా తోచలేదు.

ఆయన పోయిన రోజు

వానలు పడుతున్న రోజుల్లో గోవిందన్న పోయాడు. నా బాక్సులు నేనే ఆటోలో వేసుకుని వెళ్ళాను. ఆయన మాట ప్రకారం ఆల్బం పెట్టాను. చావు ఇంట్లో మోగే పాట కాదు అది, భక్తి పాటా కాదు. వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వేలూరులో ఇదే పద్ధతేమో అని ఎవరో సర్దిచెప్పారు. ఆయన శిష్యుణ్ణి కాబట్టి ఎవరూ ఆపమనలేదు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ ఆ రోజు నాకు దుఃఖంతోపాటు గర్వంగా కూడా ఉండింది. ఆల్బం చివర మొదటికి అతుక్కునేటట్టు చేశాను. గంట గడిచి మళ్ళీ మొదలైనా ఎక్కడ మొదలైందో తెలియదు. గురువుగారికి ఇంతకంటే ఏం ఇవ్వగలను అనుకుంటూ, ఆయన లాగే గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆయన అలా నిలబడేటప్పుడు చేతిలో ముల్లు పైకెత్తి ఉండేదన్నది గుర్తు రాలేదు. రెండో వరస చూడమని మీకు చెప్పే మనిషిని, ఆ ఇంట్లో ఒక్క ముఖం కూడా చూడలేదు. ఒప్పారి పాడే ముసలమ్మలు వచ్చారట, కాసేపు కూర్చున్నారట, తర్వాత ఒక్కొక్కరే లేచి కాఫీకి వెళ్ళారట. ఇవన్నీ తర్వాత విన్నాను. డప్పులు వచ్చాయి, ఎత్తేశారు, అయిపోయింది.

కర్మాంతరం నాడు భోజనాలు అయ్యాక గోవిందన్న కోడలు నన్ను పక్కకు పిలిచింది. అత్తమ్మ ఇంతవరకు ఏడవలేదు మామా అంది. సరిగ్గా తినడం లేదు, ఆయన పేరు ఎత్తడం లేదు, ఎవరైనా ఎత్తితే లేచి లోపలికి వెళ్ళిపోతోంది, మాకు భయంగా ఉంది, మీరొకసారి మాట్లాడండి అంది. నేను వెళ్ళి వదిన ఎదురుగా కూర్చున్నాను. ఆమే మాట్లాడింది.

“నీ పాట అయిపోతాదేమో, ఏడ్సుకుందామని చూస్తా ఉంటిని. అది అయిపోనే లేదప్పా.”

తిట్టలేదు. కోపం కూడా లేదు. బస్సు రాలేదు అన్నట్టు చెప్పింది. నేను తిట్టించుకున్నా బాగుండేది.

ఖాళీ

ఇంటికి వచ్చి మిషన్ల ముందు కూర్చుని ఆల్బం మధ్యలో కోశాను. మెల్లగా తగ్గించడం కాదు, ముల్లు ఎత్తినట్టు ఒక్కసారిగా. తర్వాత ఎంతసేపు ఖాళీ ఉంచాలి? ఆయన చెప్పింది తప్ప వేరే లెక్క నా దగ్గర లేదు. నా ఊపిరి నేనే చూసుకుంటూ కూర్చున్నాను. వంటింట్లోంచి సులోచన, కరెంటు పోయిందా అని అడిగింది. అంతవరకు ఖాళీ పెట్టి సహనకు పంపాను.

ఫైల్ తెగిపోయింది సార్ అని వెంటనే ఫోన్. తెగలేదు, నేనే కోశాను అని మొత్తం చెప్పాను. చాలాసేపు విని, ఓపిగ్గా మాట్లాడింది. ఫోన్లో వినేవాళ్ళు నెట్ పోయిందనుకుని ఇంకో పాటకు వెళ్ళిపోతారు, ఎక్కడైనా డ్యాన్స్ ఫ్లోర్ మీద వేస్తే జనం చెదిరిపోతారు అంది. అక్షరాలా నిజం. నా దగ్గర పనిచేసేవాడెవడైనా అలా ఆపి ఉంటే నేనే చెవి మెలిపెట్టేవాణ్ణి. ఖాళీ ఉన్నదీ లేనిదీ రెండూ ఉన్నాయి, మీ పేరు మీద వచ్చేది కాబట్టి మీరే తేల్చండి అంది.

నేను తేల్చలేకపోయాను. డీజేగా చూస్తే అది తప్పు. గోవిందన్న శిష్యుడిగా చూస్తే అది లేకపోవడమే తప్పు. ఇద్దరూ నేనే. ఒకరి మాట ఒకరు వినడం లేదు. చివరికి ఖాళీ ఉన్నదాన్ని ఫోన్లో వేసుకుని, చిన్న స్పీకరు సంచిలో పెట్టుకుని గుడియాత్తం బస్సెక్కాను.

పొద్దున పదిన్నర వేళ. వదిన వరండాలో కూర్చుని మునగాకు దూస్తోంది. ఒకసారి వింటావా వదినా అన్నాను. నీ ఇష్టం అంది. పెట్టాను. ఈసారి గోడవైపు తిరగలేదు. ఆమె పాదం కేసి చూస్తూ కూర్చున్నాను. కదల్లేదు. చేతులు మాత్రం ఆకు దూస్తూనే ఉన్నాయి. పాట మీద పాట కలుస్తూ పోయింది. ఈ వయసులో, ఒక్క మనిషి ముందు, ఇంత భయంగా నేనెప్పుడూ పాట వెయ్యలేదు.

పాట ఆగింది.

పక్కింట్లోంచి మగ్గం చప్పుడు వినిపించింది. వదిన చేతులు ఆగాయి. ఏడుస్తుందని చూశాను. ఏడవలేదు. నా ముఖం కేసి చూసింది, తర్వాత స్పీకరు కేసి చూసింది, తర్వాత గోవిందన్న వాలి కూర్చునే కుర్చీ కేసి చూసింది. అప్పుడు గొంతు లావు చేసుకుని, ముందు తమిళంలో అని, వెంటనే తెలుగులో అంది.

“తిన్నోళ్ళు లెయ్యండప్పా, తిననోళ్ళు కూర్చోండి.”

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. ఆ నవ్వు సగంలో ఏడుపైపోయింది. ఆయన పేరు పెట్టి పిలుస్తూ, ఇంటిల్లిపాదీ బయటికి పరుగెత్తుకొచ్చేంత గట్టిగా ఏడ్చింది. అంతలో స్పీకర్లో మళ్ళీ దెబ్బ మొదలైంది. నేను పెట్టిన ఖాళీ చాలలేదు. ఒక్క ఉదుటున అందుకుని ఆపేశాను.

తర్వాత సహనకు ఫోన్ చేసి ఖాళీ ఉంచు, ఇంకా పెంచు అన్నాను. ఎన్ని సెకన్లు సార్ అని అడిగితే చెప్పలేకపోయాను. తనకు తోచినంత పెంచింది. అది సరిపోతుందో లేదో, ఎవరికి సరిపోవాలో, ఇప్పుడది డీప్ హౌస్ ఆల్బమో కాదో నాకు తెలియదు. మీరు అడిగితే ఇదే చెబుతాను.

ఆ పొద్దున మాత్రం నేను లెక్క చూడలేదు. స్పీకరు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. కోడలు నీళ్ళు తెచ్చి పెట్టింది. వదిన ఏడ్చింది, ఆగింది, మళ్ళీ ఏడ్చింది. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుని, గట్టిగా ఒకసారి ఊపిరి తీసుకుని, మునగాకు కొమ్మ ఒళ్ళోకి లాక్కుంది.

“ఊఁ, ఇంక వెయ్యప్పా,” అంది.